బాటసారికొక పద్యము

కవిత్వము తాటాకులయందును పండితుల కంఠములయందును మాత్రమే నివసించెనని మనము తలచుచుందుము. కాని తెలుగు పద్యము మనకు తొలుత కానవచ్చునది పుస్తకమునందు కాదు, రాతిమీద. గుణగ విజయాదిత్యుని సేనానియగు పండరంగని అద్దంకి శాసనమున 9వ శతాబ్ది నాటి తరువోజ పద్యమొకటి కలదు. 10వ శతాబ్దికి చెందిన యుద్ధమల్లుని బెజవాడ శాసనము మధ్యాక్కరలలో నున్నది. నన్నయ భారతమునకు పూనుకొనుటకు పూర్వమే పద్యము నలుగురు నడచుచోట నిలిచినదన్నమాట.

అయితే ఆ రాళ్లు ఎవరిని గూర్చి పలికినవి? ఒకటి సేనాని విజయములను చాటెను. మఱియొకటి ప్రభువు కట్టించిన గుడిని చాటెను. వినవలసినవాడు బాటసారి, కీర్తి చెక్కించినవానిది. బాటసారినుండి ఏమియు కోరక, వానికొఱకే ఒక పద్యమును దారిలో నుంచవలెనను తలంపు బహుకాలమునకుగాని ఆచరణలోనికి రాలేదు. ఆ చరిత్రము మనము తెలిసికొనదగినది.

లండను నగరమున భూగర్భ రైళ్లు ఉన్నవి. పనికి పోవువారును పని ముగించుకొని వచ్చువారును ఒకరి ముఖమొకరు చూడక వానిలో కూర్చుందురు. పెట్టెలలోపల, వారి తలలకు పైగా, సరకుల ప్రకటనలు వరుసగా నుండును. అమెరికాలో జన్మించి లండనులో స్థిరపడిన రచయిత్రి జూడిత్ చెర్నైక్, ఆ ప్రకటనల నడుమ కవితల నుంచిన బాగుండునని తలచెను. జెరార్డ్ బెన్సన్, సిసిలీ హెర్బర్ట్ అను కవులామెకు తోడైరి. రైల్వే అధికారులు సమ్మతించిరి. 1986 జనవరిలో ఆ కవితలు రైలెక్కినవి. షెల్లీ, బర్న్స్ వంటి పూర్వకవుల సరసనే ఐర్లండు కవి సీమస్ హీనీయు, గయానానుండి వచ్చిన కవయిత్రి గ్రేస్ నికోల్సును నిలిచిరి. ఆ కవితలను కూర్చి 1991లో పుస్తకముగా గూడ వెలువరించిరి. పుస్తకమునుండి గోడకు పోయిన కవిత గోడనుండి మరల పుస్తకమునకు వచ్చెను!

1992లో న్యూయార్కు నగరమును ఈ మార్గము త్రొక్కెను. అచ్చట 2008లో ఆ పని నిలిచిపోయి, 2012లో గాని తిరిగి మొదలు కాలేదు. అధికారుల దయపై మాత్రమే ఆధారపడిన సత్కార్యమునకు ఇట్టి గండము ఎప్పుడును పొంచియుండును.

కథ గోడపై ఇముడదు గదా యని కొందరు సందేహింపవచ్చును. ఫ్రాన్సు దేశమున గ్రెనోబుల్ నగరము దీనికి సమాధానము చెప్పినది. 2015లో షార్ట్ ఎడిషన్ అను ప్రచురణ సంస్థ నగరపాలకులతో కలిసి, జనులు వేచియుండు తావులలో 8 యంత్రములను నెలకొల్పెను. 1, 3, 5 అను మీటలలో ఒకదానిని నొక్కినచో, అన్ని నిమిషములలో చదువదగిన కథ యొకటి అంగడి రసీదువంటి కాగితముపై ముద్రితమై వెలువడును. పైకము అక్కఱలేదు. చదువరి కోరుకొనునది కథను కాదు, తనకుగల తీరికను.

మన దేశమునకీ తలంపు పరాయిది కాదు. 1935లోనే పాతూరి నాగభూషణముగారు గుంటూరు మండలమున కాలువపై పడవ గ్రంథాలయమును నడిపిరి. చదువరి పుస్తకమును వెదకికొని పోవుట కాదు, పుస్తకమే చదువరికడకు పోవలెనని ఆ ఉద్యమము నమ్మినది. మఱియు, మన బస్సులలో స్త్రీల ఆసనములను స్త్రీలకే విడువవలెనను వాక్యమును మనమందఱమును ఎఱుగుదుము. దానిని ఏ ఉపాధ్యాయుడును మనచే వల్లెవేయింపలేదు. కన్నులకెదురుగా నుండుటచేతనే అది మనకు కంఠస్థమైనది. ఆ గోడమీదనే మంచి పద్యమొకటి ఉండినచో అదియు అట్లే నిలువదా?

కవిత్వము వీథిన పడినచో చులకనయగునని కొందరందురు. రైలెక్కినందున షెల్లీకి కలిగిన లోటేమియు లేదు. నిజమైన భయము వేఱొకటి కలదు: ఎంపిక యెవరిది? ఆ గోడలు అధికారులను పొగడు పద్యములపాలైనచో, మనము వేయి యేండ్లు వెనుకకు నడచి శాసనముల కాలమునకే చేరుదుము. పండరంగని రాతియందున్న కవితాగౌరవమైనను వానికి దక్కదు. లండనులో ఎంపిక రచయితల చేతిలో నుండెను. ఇచ్చటను అట్లే యుండవలెను.

పుస్తకము కొనలేని కూలికిని, ఇంటిపనితో పుస్తకము తెఱవ తీరికలేని ఇల్లాలికిని, ఆసుపత్రి వాకిట గంటలకొలది కూర్చుండు రోగి బంధువునకును సాహిత్యముపై హక్కు కలదా లేదా? కలదని ఒప్పుకొన్నచో, వారు నిలుచుచోటికే అది పోవలెను. ఇందులకు యంత్రములు రావలసిన పనిలేదు. పాలకేంద్రము గోడకు ఒక కాగితము, నెలకొక పద్యము, దానిని మార్చుటకొక శ్రద్ధగల చేయి చాలును. ఆ చేయి మన యింటినుండి ఏల సాగరాదు?