చెట్టు బెరడు నుండి బడి భోజనం దాకా – ఫిన్లాండ్ వారి తిండి కథ

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్యాసం పంపమని మన కార్యదర్శి గారు అడిగారు. పెన్షన్ బకాయిల గురించి, కమ్యూటేషన్ గురించి వ్రాయడానికి నాకంటె సమర్థులు మన సంఘంలో చాలామంది ఉన్నారు కనుక నేను ఒక పరదేశపు తిండి చరిత్ర వ్రాయదలచాను. మా అబ్బాయి ఉద్యోగరీత్యా ఫిన్లాండ్‌లో, రాజధాని హెల్సింకీని ఆనుకొని ఉన్న ఎస్పో పట్టణంలో ఉంటున్నాడు. నేను, మా శ్రీమతి రెండు పర్యాయాలు వెళ్ళి కొన్ని నెలలు ఉండి వచ్చాము. పౌరసరఫరాల శాఖలో ముప్పయ్యేళ్ళు బియ్యం, గోధుమలు, పంచదార లెక్కలు చూసినవాడిని కావడంవల్ల, ఎక్కడికి వెళ్ళినా ‘వీళ్ళు ఏం తింటారు, అది ఎక్కడ నుంచి వస్తుంది?’ అన్న ప్రశ్న నన్ను వదలదు. చలికాలంలో గడప దాటే వీలులేక గ్రంథాలయంలో ఇంగ్లీషు పుస్తకాలు తిరగవేస్తూ తెలుసుకొన్న సంగతులే ఇవి.

ఫిన్లాండ్ 1809 వరకు స్వీడన్ ఏలుబడిలోను, ఆ తరువాత రష్యా చక్రవర్తి కింద ఒక సంస్థానంగాను ఉండి, 1917 డిసెంబరు 6న స్వతంత్రమైంది. ఆ దేశంలో పంటకాలం బహు స్వల్పం. ఆ కొద్ది నెలల్లో పండేవి బార్లీ, ఓట్స్, రై. ఈ రై అనేది గోధుమకు చుట్టమైన ముదురు రంగు ధాన్యం. చలికి తట్టుకొంటుంది. పూర్వం అడవిని నరికి, కాల్చి, ఆ బూడిదలో రై విత్తేవారు, మన కొండల్లో పోడు వ్యవసాయం వంటిదే. బంగాళాదుంప వారికి 18వ శతాబ్దంలో గాని అందలేదు. అంతకు ముందు దాని స్థానంలో ఉన్నది టర్నిప్ గడ్డ.

మనకు అన్నం ఎలాగో వారికి రై రొట్టె అలాగ. దాని పేరు రుయిస్‌లేయిపా. నల్లగా, గట్టిగా, పుల్లగా ఉంటుంది. మొదటి రోజు మా శ్రీమతి నోట్లో పెట్టుకొని, ‘ఇది మాడిందా, పులిసిందా?’ అని అడిగింది. పులుపే దాని ప్రాణం. మనం పెరుగుకు తోడు వేసినట్లు, వారు పాత పిండి ముద్దను దాచి కొత్త పిండిలో కలుపుతారు. పిండి కలిపే కొయ్య తొట్టిని అసలు కడిగేవారు కారట. గోడలకు అంటుకొని ఎండిన పిండే తరువాతి విడతకు తోడు.

ఈ రొట్టెలో తూర్పు, పడమర భేదం ఉంది. తూర్పు ప్రాంతంలో పెద్ద పొయ్యిని తరచుగా వేడిచేసేవారు కనుక వారం వారం మెత్తటి లావు రొట్టె కాల్చుకొనేవారు. పడమటి వారు ఏడాదికి కొన్ని సార్లు మాత్రమే ఒకేసారి కుప్పలుగా కాల్చేవారు. పల్చగా, గుండ్రంగా, నడుమ చిల్లు పెట్టి, ఆ చిల్లులోంచి కర్ర దూర్చి ఇంటి కప్పు కింద వ్రేలాడదీసేవారు. అవి ఎండి నెలల తరబడి నిలవుండేవి. మన ఇళ్ళలో అటక మీది జాడీల మాదిరి అన్నమాట. ఆ కర్రల మీద ఎన్ని రొట్టెలు మిగిలాయో చూస్తే ఆ ఇంటి స్థితి తెలిసిపోయేది.

కర్రలు ఖాళీ అయిన సంవత్సరాలూ ఉన్నాయి. 1860వ దశకంలో వరుసగా పంటలు చెడ్డాయి. 1867లో వసంతమే రాలేదు. కొన్ని చోట్ల జూన్ నెల వచ్చినా సరస్సుల మీద మంచు కరగలేదు. ఆలస్యంగా విత్తిన పైరు పాలు పోసుకొనే లోపల సెప్టెంబరు మొదట్లోనే మంచు పడి మాడ్చివేసింది. అప్పుడు జనం పూర్వపు అలవాటు ప్రకారం చెట్లను ఆశ్రయించారు. పైన్ చెట్టు పై బెరడు తీసివేసి, లోపలి లేత పొరను ఒలిచి, ఎండబెట్టి, కాల్చి, పొడిగొట్టి రై పిండిలో కలిపేవారు. ఆ రొట్టెను పెట్టులేయిపా అంటారు. గడ్డిని పొడిచేసీ తిన్నారు. రాతి మీద పెరిగే నాచు వంటి దానితో రొట్టె చేసుకొనే విధానాన్ని ప్రభుత్వమే ప్రజలకు నేర్పించ పూనుకొంది. అన్నం లేని ఇళ్ళవారు ఊళ్ళు విడిచి బిచ్చమెత్తుతూ తిరిగారు. వారితోపాటే జ్వరాలూ, విరేచనాలూ ఊరూరా ప్రయాణం చేశాయి. ఆకలి కంటె వ్యాధులే ఎక్కువమందిని తీసుకొనిపోయాయి. సుమారు 18 లక్షల జనాభాలో లక్షన్నర మంది దాకా పోయారని అంచనా. మన పెద్దలు చెప్పుకొనే ధాత కరువు (1876–78) దీని తరువాత పదేళ్ళకు వచ్చింది.

ఇక్కడ నా పాత ఉద్యోగం నన్ను నిలవనీయలేదు. ధాన్యం బయటినుంచి ఎందుకు తెప్పించలేదు? అప్పటి ఆర్థిక వ్యవహారాల అధిపతి స్నెల్మన్ గొప్ప తత్త్వవేత్త, ఫిన్నిష్ భాష కోసం పాటుపడిన మహనీయుడు. దేశపు నాణెం మార్కును 1865లోనే వెండి ప్రమాణం మీద నిలబెట్టారు. అప్పు చేస్తే దాని పరువు పోతుందన్న భయంతో ఆయన వెనుకాడారు. చివరకు 1867 శరదృతువులో రోత్‌షీల్డ్ సంస్థ వద్ద అప్పు తీసుకొన్నారు గాని, కొన్న ధాన్యం పూర్తిగా చేరకముందే సముద్రం గడ్డకట్టింది. ఆయన దుర్మార్గుడని నేను అనను. కాని సరుకు సకాలంలో చేరకపోతే ఫైలు ఎంత చక్కగా నడిచినా ప్రయోజనం లేదని ఆ శాఖలో పనిచేసిన ప్రతివాడికీ తెలుసు.

మళ్ళీ అటువంటి గడ్డుకాలం రెండవ ప్రపంచయుద్ధంలో వచ్చింది. ఈసారి ముందే మేలుకొన్నారు. 1939లోనే ప్రజాసరఫరాలకు ప్రత్యేక మంత్రిత్వశాఖ ఏర్పడింది. అది 1949 దాకా ఉంది. పంచదార, కాఫీలతో రేషన్ మొదలై క్రమంగా రొట్టె, పాలు, మాంసం అన్నిటికీ వ్యాపించింది. కాఫీ కరవు వారిని బాగా బాధించిందట. రై గింజలు, చికోరీ, ఒక కలుపు మొక్క వేళ్ళు వేయించి కాచుకొని తాగారు. కాఫీ మీద రేషన్ 1954 దాకా పూర్తిగా ఎత్తివేయలేదు. ఇప్పుడు ప్రపంచంలో మనిషికి ఇంత చొప్పున అత్యధికంగా కాఫీ తాగేవారిలో ఫిన్లాండ్ వారు ముందున్నారు. ఏడాదికి మనిషికి పది కిలోల దరిదాపు పొడి ఖర్చవుతుంది. మన గోదావరి జిల్లాల కాఫీ ప్రియులు కూడా వారి ముందు దిగదుడుపే.

నన్ను అన్నిటికంటె ఆశ్చర్యపరచిన సంగతి 1943వ సంవత్సరానిది. ఒకప్రక్క యుద్ధం, ఒకప్రక్క రేషన్. సరిగ్గా అప్పుడే, ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలందరికీ ఉచితంగా భోజనం పెట్టాలని చట్టం చేశారు. బీదలకు మాత్రమే కాదు, అందరికీ. పురపాలక సంఘాలకు ఐదేళ్ళు గడువిచ్చి 1948 నుంచి దేశమంతటా అమలుపరిచారు. దేశంలోని బడి పిల్లలందరికీ ఉచిత భోజనం పెట్టిన మొదటి దేశంగా ఫిన్లాండ్‌కు ఆ కీర్తి దక్కింది. మొదట్లో పెట్టింది జావ, పలచటి చారులు. రొట్టె, పాలు పిల్లలే ఇంటినుంచి తెచ్చుకొనేవారు. బడి వేళల తరువాత తోటపని చేసి, అడవిలో పండ్లు ఏరి వంటశాలకు ఇవ్వవలసిన బాధ్యత కూడా పిల్లల మీద ఉండేది. ఇప్పుడు మా మనవరాలు ఏ బాధ్యతా లేకుండా రోజూ అక్కడే తింటోంది. శాకాహారులకు వేరే పళ్ళెం ఉంటుంది. కోడలికి ప్రొద్దున్నే క్యారియర్ కట్టే పని తప్పింది. ఉన్నతపాఠశాల ముగిసేదాకా ఇంతే.

యుద్ధం మరొక మార్పు తెచ్చింది. తూర్పున ఉన్న కరేలియా ప్రాంతంలో చాలా భాగాన్ని ఫిన్లాండ్ సోవియట్ రష్యాకు వదులుకోవలసివచ్చింది. నాలుగు లక్షల పైచిలుకు జనం ఇళ్ళూ పొలాలూ విడిచి దేశం నలుమూలలా చేరారు. కొత్త ఊళ్ళలో వారి యాసను, వారి ఆచారాలను వింతగా చూసినవారున్నారు. అయితే వారు తమతో తెచ్చిన ‘కార్యలన్ పీరక్క’ మాత్రం ఇంటింటా ప్రవేశించింది. ఇది రై పిండితో పల్చగా వత్తిన దొప్ప. లోపల పాలలో ఉడికించిన అన్నం పెట్టి, అంచులు కుచ్చిళ్ళుగా నొక్కి కాలుస్తారు. పూర్వం లోపల బార్లీ జావ పెట్టేవారు. దిగుమతి బియ్యం వచ్చాక అన్నం స్థిరపడింది. ఉడికిన గ్రుడ్డును వెన్నలో మెదిపి పైన వేసుకోవడం వారి పద్ధతి. మేము మాత్రం ఆవకాయతో తిన్నాము. బాగుంది. 2003లో యూరోపియన్ యూనియన్ దీనిని సంప్రదాయ వంటకంగా గుర్తించింది. ఊరు పోయినవారి వంటకం దేశమంతటి వంటకమైంది.

పాడి సంగతి కూడా చెప్పాలి. శీతకాలంలో పశువుల మేత చెడకుండా ఆమ్లం కలిపి నిల్వచేసే విధానం కనిపెట్టినందుకు విర్తనెన్ గారికి 1945లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఏడాది పొడుగునా పాలు, వెన్న సమృద్ధి అయ్యాయి. బెరడు తిన్న తాతల మనవలు రొట్టె మీద వెన్న మందంగా పూసుకొన్నారు. ఉప్పు చేపలు సరేసరి (నేను శాకాహారిని, చూసి చెప్పడమే). ఫలితంగా 1960ల నాటికి తూర్పు ఫిన్లాండ్ మగవారు గుండెజబ్బుతో చనిపోవడంలో ప్రపంచంలోనే మొదటి వరుసకు వచ్చారు. కష్టపడి కట్టె కొట్టే రైతులు నలభై, యాభై ఏళ్ళకే కుప్పకూలేవారు. 1971లో ఉత్తర కరేలియా వారు ఏదైనా చేయమని ప్రభుత్వానికి అర్జీ పెట్టుకొన్నారు. 1972లో పెక్క పుస్క అనే యువ వైద్యుని నాయకత్వంలో ఒక పథకం మొదలైంది. ఆయన మందుల కంటె ముందు వంటింటి మీద దృష్టిపెట్టారు. 1899 నుంచి ఉన్న ‘మార్తా’ మహిళా సంఘం ఊళ్ళలో వంటల సమావేశాలు జరిపి, పాత కూరలనే వెన్న, ఉప్పు తగ్గించి ఎలా చేయాలో చూపింది. పాడి మీద బ్రతికే రైతులు నష్టపోకుండా కొందరిని బెర్రీ తోటల వైపు మళ్ళించారు. 1993లో ఉప్పు ఎక్కువగా ఉన్న సరుకుల మీద ఆ మాట ముద్రించాలని నిబంధన వచ్చింది. నలభై ఏళ్ళలో అక్కడి పనిచేసే వయసు మగవారిలో గుండెజబ్బు మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి. ఆవకాయ గురించి పైన వ్రాసినవాడిని కనుక, బి.పి. ఉన్న మిత్రులకు ఇంతకంటె సలహా చెప్పే అర్హత నాకు లేదు.

పిల్లల దగ్గరకు ఆ దేశం వెళ్ళే సభ్యులకు రెండు మాటలు. పెరుగు గురించి బెంగ వద్దు. పీమా అనే చిక్కటి మజ్జిగ, తీగలు సాగే వీలి అనే పెరుగు ప్రతి దుకాణంలోను దొరుకుతాయి. ఓట్స్ జావ పొద్దుటిపూట సుఖంగా ఉంటుంది. జూలై, ఆగస్టు నెలల్లో వెళితే అడవిలో నీలి బెర్రీలు, ఆ తరువాత ఎర్రటి లింగన్ బెర్రీలు కోసుకోవచ్చు. అడవి ఎవరిదైనా సరే, పండ్లు ఏరుకొనే హక్కు అక్కడ అందరికీ ఉంది. వచ్చిన అతిథులకు కూడా. మేము ఎస్పో శివారులోని నూక్సియో అడవిలో ఒక మధ్యాహ్నం కూర్చొని బకెట్ నింపాము. ఇక రై పిండి, రై మాల్టులతో చేసే మ్యామ్మి అనే నల్లటి తీపి ముద్దను చూస్తే రాగి సంకటి గుర్తుకొస్తుంది. మీగడ, పంచదార వేసుకొని తింటారు. అది మాత్రం ఈస్టర్ పండుగ రోజుల్లోనే విరివిగా దొరుకుతుంది, కనుక వేసవిలో వెళ్ళేవారు దాని మీద ఆశ పెట్టుకోనక్కరలేదు.