డెస్క్‌టాప్ అమరికలు

కంప్యూటరును ప్రారంభించి లోనికి ప్రవేశించగానే తెరపై కనిపించే ముఖ్య ప్రదేశాన్ని డెస్క్‌టాప్ అంటారు. దీని రూపాన్ని, కంప్యూటరు ప్రవర్తనను వాడుకరి తన అవసరానికి తగినట్లు మార్చుకొనడానికి ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉండే ఎంపికలను డెస్క్‌టాప్ అమరికలు, వ్యవస్థ అమరికలు అని వ్యవహరిస్తారు. తెరపై బొమ్మ, అక్షరాల పరిమాణం, మౌసు వేగం, కీబోర్డు భాష, తేదీ, సమయం, వాడుకరి ఖాతాలు మొదలైనవన్నీ వీటి పరిధిలోకి వస్తాయి. బల్లపై ఉంచి వాడే కంప్యూటరును కూడా డెస్క్‌టాప్ అని పిలుస్తారు గానీ, ఇక్కడ ఆ పదానికి తెరపైని ప్రదేశమనే అర్థం.

అమరికలను మార్చడమంటే అలంకరణ మాత్రమే అనే అభిప్రాయం కొత్తగా కంప్యూటరు నేర్చుకొనేవారిలో తరచు కనిపిస్తుంది. నిజానికి వీటిలో ముఖ్యమైనవి చదవగలగడానికి, సులువుగా పని చేయడానికి, సమాచార భద్రతకు సంబంధించినవి. ఈ వ్యాసం ప్రధానంగా మైక్రోసాఫ్ట్ విండోస్‌లోని అమరికలను వివరిస్తుంది.

చరిత్ర

కాగితాలు, ఫైళ్ళు, చెత్తబుట్ట ఉన్న కార్యాలయపు బల్లను తెరపై చిత్రించాలన్న ఆలోచన అమెరికాలోని జిరాక్స్ సంస్థ పరిశోధనశాలలో రూపు దిద్దుకొన్నది. 1973లో అక్కడ తయారైన ఆల్టో కంప్యూటరులో దీనికి పునాది పడింది. 1981లో అదే సంస్థ విడుదల చేసిన స్టార్ కంప్యూటరులో ఫైళ్ళను సూచించే చిన్న బొమ్మలతో కూడిన డెస్క్‌టాప్ వినియోగదారులకు అందింది. 1984లో ఆపిల్ సంస్థ విడుదల చేసిన మెకింతోష్ దీనిని సామాన్యులకు పరిచయం చేసింది.

1985లో వచ్చిన విండోస్ మొదటి రూపాంతరంలోనే కంట్రోల్ ప్యానెల్ ఉన్నది. అమరికలన్నీ ఒకేచోట దొరికే ఈ పద్ధతి తరువాతి రూపాంతరాలలోనూ కొనసాగింది. స్టార్ట్ బటను, టాస్క్‌బార్ 1995లో విండోస్ 95తో వచ్చాయి. 2001లో విడుదలైన విండోస్ ఎక్స్‌పీలో కనిపించే పచ్చని కొండ, నీలాకాశం బొమ్మ పేరు బ్లిస్. చార్లెస్ ఓరియర్ అనే ఛాయాగ్రాహకుడు దీనిని 1996లో కాలిఫోర్నియాలోని సొనోమా ప్రాంతంలో తీశాడు. 2015లో వచ్చిన విండోస్ 10 నుండి సెట్టింగ్స్ అనే కార్యక్రమం ప్రధాన స్థానాన్ని ఆక్రమించింది. 2021లో వచ్చిన విండోస్ 11లోనూ ఇదే ప్రధానమైనప్పటికీ, కొన్ని అమరికల కోసం పాత కంట్రోల్ ప్యానెల్‌ను ఆశ్రయించవలసి ఉంటుంది.

డెస్క్‌టాప్‌లోని భాగాలు

వాల్‌పేపర్: వెనుక కనిపించే బొమ్మ. దీనిని మార్చినందువల్ల ఫైళ్ళకు ఏ హానీ జరగదు. అందుచేత కొత్తవారు అభ్యాసం ప్రారంభించడానికి ఇది అనువైనది.

ఐకాన్లు: ఫైళ్ళను, కార్యక్రమాలను సూచించే చిన్న బొమ్మలు. వీటిలో రెండు రకాలున్నాయి. మూలన చిన్న బాణం గుర్తు ఉన్నది షార్ట్‌కట్, అనగా దారి చూపే గుర్తు మాత్రమే. దానిని తొలగించినా అసలు కార్యక్రమం చెక్కుచెదరదు. బాణం గుర్తు లేని ఫైలును తొలగిస్తే అసలు ఫైలే రీసైకిల్ బిన్‌లోకి పోతుంది. ఈ తేడా తెలియకపోవడం వల్ల కొందరు అవసరమైన పత్రాలను పోగొట్టుకొంటారు.

టాస్క్‌బార్: సాధారణంగా తెర అడుగున ఉండే పట్టీ. తెరచి ఉన్న కార్యక్రమాలు, గడియారం, భాషాసూచిక ఇందులో కనిపిస్తాయి.

అమరికలను చేరుకొనే మార్గాలు

డెస్క్‌టాప్‌పై ఖాళీస్థలంలో మౌసు కుడి బటను నొక్కితే ఒక జాబితా తెరచుకొంటుంది. అందులో పర్సనలైజ్ అనే ఎంపిక రూపానికి, డిస్‌ప్లే సెట్టింగ్స్ అనే ఎంపిక తెరకు సంబంధించినవి. విండోస్ ఎక్స్‌పీలో ఈ రెండూ ప్రాపర్టీస్ అనే ఒకే ఎంపికలో ఉండేవి. విండోస్ 10, 11లలో విండోస్ మీటను, ఐ మీటను కలిపి నొక్కితే సెట్టింగ్స్ నేరుగా తెరచుకొంటుంది. అక్కడి వెతుకు పెట్టెలో కావలసిన అమరిక పేరు వ్రాస్తే దాని చోటు గుర్తుంచుకొనవలసిన అవసరం ఉండదు.

అమరికలలో కొన్ని ఒక్కొక్క వాడుకరికి విడివిడిగా ఉంటాయి. వాల్‌పేపరు, రంగులు ఇటువంటివి. మరికొన్ని కంప్యూటరు మొత్తానికి వర్తిస్తాయి. గడియారపు సమయం ఇటువంటిది. రెండవ రకానికి చెందిన పలు అమరికలను మార్చడానికి నిర్వాహకుని అనుమతి అవసరం.

తెర, అక్షరాల పరిమాణం

తెరపై బొమ్మ చిన్న చిన్న చుక్కలతో ఏర్పడుతుంది. అడ్డంగా, నిలువుగా ఎన్ని చుక్కలున్నాయో తెలిపే కొలతను రిజల్యూషన్ అంటారు. 1920 × 1080 అనగా అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలని అర్థం. పలుచని ఎల్‌సీడీ తెరలలో చుక్కల సంఖ్య తయారీలోనే స్థిరపడుతుంది. అందువల్ల రిజల్యూషన్ ఆ సంఖ్యకు సరిపోయినప్పుడే అక్షరాలు స్పష్టంగా కనిపిస్తాయి.

అక్షరాలు చిన్నవిగా ఉన్నాయని రిజల్యూషన్ తగ్గించడం సాధారణంగా జరిగే పొరపాటు. అలా చేస్తే అక్షరాలు పెద్దవవుతాయి గానీ అంచులు మసకబారుతాయి. రిజల్యూషన్‌ను యథాతథంగా ఉంచి, డిస్‌ప్లే పుటలోని స్కేల్ అనే అమరికను 100 శాతం నుండి 125కు గానీ 150కి గానీ పెంచడం సరైన పద్ధతి. కిటికీలు, బటన్లు, అక్షరాలు అన్నీ స్పష్టత చెడకుండా పెద్దవవుతాయి. అక్షరాలను మాత్రమే పెంచాలంటే విండోస్ 11లో యాక్సెసిబిలిటీ విభాగంలోని టెక్స్ట్ సైజ్‌ను 225 శాతం వరకు పెంచవచ్చు.

తెలుగు పాఠకులకు ఈ అమరిక మరింత ముఖ్యమైనది. తెలుగు అక్షరానికి పైన తలకట్టు, గుణింతపు గుర్తు, క్రింద వత్తు చేరుతాయి. ఇంగ్లీషు అక్షరం సరిపోయే ఎత్తులో ఇవన్నీ ఇరుక్కొంటాయి. ద, ధ, థ అక్షరాల మధ్య తేడా అడుగునున్న చిన్న గీతలోను, లోపలి చుక్కలోను ఉన్నది. ప, ఫ, ష అక్షరాలకూ చిన్న గీతలే తేడా. పరిమాణం చాలనప్పుడు ఈ గీతలు కలిసిపోయి, పాఠకుడు అక్షరాన్ని చూడక పదాన్ని ఊహించవలసి వస్తుంది. పెద్దవారు కంప్యూటరులో చదవడం తమ వల్ల కాదని విరమించుకొనడానికి చాలాసార్లు దృష్టిలోపం కంటే ఈ అమరికే కారణమవుతుంది.

అక్షరాల అంచులను నునుపు చేసే క్లియర్‌టైప్ విధానం విండోస్ ఎక్స్‌పీతో వచ్చింది. కానీ అందులో వాడుకరి స్వయంగా దానిని ఎంచుకొనవలసి ఉండేది. విస్టా నుండి అది ముందే ఎంపికై ఉంటున్నది. రాత్రివేళ తెర రంగును వెచ్చగా మార్చే నైట్ లైట్ 2017లో విండోస్ 10కు చేరింది.

మౌసు, కీబోర్డు

వెంట వెంటనే రెండుసార్లు నొక్కలేనివారు మౌసు అమరికలలో డబుల్ క్లిక్ వేగాన్ని తగ్గించుకొనవచ్చు. ఎడమచేతి వాటం వారు కుడి, ఎడమ బటన్ల పనులను పరస్పరం మార్చుకొనవచ్చు. బాణం గుర్తు కనిపించనివారు దాని పరిమాణాన్ని, రంగును మార్చుకొనవచ్చు.

రెండు మూడు మీటలను ఒకేసారి నొక్కలేనివారికి స్టిక్కీ కీస్ అనే సదుపాయం ఉన్నది. షిఫ్ట్ మీటను వరుసగా ఐదుసార్లు నొక్కితే దీనిని ప్రారంభించాలా అన్న ప్రశ్న తెరపై వస్తుంది. కుడివైపు షిఫ్ట్ మీటను 8 సెకన్లు నొక్కి ఉంచితే ఫిల్టర్ కీస్ ప్రారంభమవుతుంది. ఇది క్షణకాలపు నొక్కులను లెక్కలోకి తీసుకోదు. ఈ సంగతి తెలియనివారు పొరపాటున దీనిని ప్రారంభించి, కీబోర్డు పాడైపోయిందని భావించడం కద్దు.

తెలుగు భాషా అమరికలు

యూనికోడ్‌లో తెలుగు లిపికి ప్రత్యేక స్థానాలు ఉన్నాయి. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటు చేరింది. అయితే సంయుక్తాక్షరాలను సరిగా కూర్చే సదుపాయాన్ని కంట్రోల్ ప్యానెల్‌లోని భాషావిభాగంలో విడిగా ఎంచుకొని, విండోస్ సీడీ నుండి స్థాపించుకొనవలసి వచ్చేది. ఆ పని చేయని కంప్యూటర్లలో వత్తులు, గుణింతాలు చెదరి కనిపించేవి. విస్టా నుండి ఈ అవసరం తొలగిపోయింది. విండోస్ 7తో వాణి, విండోస్ 8తో నిర్మలా యూఐ ఫాంట్లు చేరాయి.

తెలుగులో వ్రాయడానికి సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్ విభాగంలోకి వెళ్ళి, భాషల జాబితాకు తెలుగును చేర్చాలి. రెండు రకాల కీబోర్డులు ప్రధానంగా లభిస్తాయి.

ఇన్‌స్క్రిప్ట్: భారతీయ భాషలకు ప్రభుత్వం నిర్ణయించిన ప్రామాణిక అమరిక. అచ్చులు ఎడమవైపు, హల్లులు కుడివైపు ఉంటాయి. తెలుగులో క ఉన్న మీటపైనే హిందీలోనూ క ఉంటుంది. కనుక ఒక భాషలో నేర్చుకొంటే మరొక భాషకు పనికివస్తుంది.

ఫొనెటిక్: ఉచ్చారణను బట్టి ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు వ్రాసే పద్ధతి. 2019లో విడుదలైన విండోస్ 10 నవీకరణతో ఇది చేరింది.

విండోస్ 8 నుండి విండోస్ మీటను, స్పేస్ మీటను కలిపి నొక్కి ఒక భాష నుండి మరొక భాషకు మారవచ్చు. కీబోర్డును చేర్చినంత మాత్రాన మెనూలు తెలుగులోకి మారవు. అందుకు తెలుగు భాషా ప్యాక్‌ను స్థాపించి, ప్రదర్శన భాషగా ఎంచుకొనవలసి ఉంటుంది. ప్రవేశపు తెరలో కీబోర్డు తెలుగులో ఉండిపోతే సరైన సంకేతపదాన్ని సైతం కంప్యూటరు అంగీకరించదు. అటువంటప్పుడు ఆ తెర మూలన ఉన్న భాషాసూచికను ముందుగా చూడాలి.

తేదీ, సమయం, అంకెలు

భారతదేశానికి అంతర్జాతీయ ప్రామాణిక సమయం కంటే 5 గంటల 30 నిమిషాలు ముందున్న కాలమండలాన్ని ఎంచుకొనాలి. గడియారం తప్పుగా ఉంటే నష్టం సమయానికే పరిమితం కాదు. బ్యాంకుల వంటి సురక్షిత వెబ్‌సైట్ల ధ్రువపత్రాలకు కాలపరిమితి ఉంటుంది. కంప్యూటరు తేదీ ఆ పరిమితికి వెలుపల ఉంటే బ్రౌజరు ఆ సైటును తెరవక హెచ్చరిక చూపుతుంది. పాత కంప్యూటరును ఆపి తిరిగి ప్రారంభించినప్పుడల్లా తేదీ వెనుకకు పోతున్నదంటే, లోపల నాణెం ఆకారంలో ఉండే బ్యాటరీ అయిపోయిందని సాధారణంగా గ్రహించవచ్చు.

కంట్రోల్ ప్యానెల్‌లోని రీజియన్ విభాగంలో అంకెల విభజనను కూడా ఎంచుకొనవచ్చు. 123,456,789 అని పాశ్చాత్య పద్ధతిలో కనిపించే సంఖ్యను 12,34,56,789 అని లక్షలు, కోట్ల పద్ధతిలోకి మార్చుకొనవచ్చు.

ఖాతాలు, భద్రత

ఒకే కంప్యూటరును పలువురు వాడే ఇళ్ళలో, పాఠశాలల్లో ఒక్కొక్కరికి వేరు ఖాతా ఉండడం మేలు. నిర్వాహక ఖాతాతో వ్యవస్థలో ఏ మార్పయినా చేయవచ్చు. సామాన్య ఖాతాకు ఆ అధికారం ఉండదు. రోజువారీ పనికి సామాన్య ఖాతాను వాడితే, పొరపాటున తెరచిన హానికర కార్యక్రమం కంప్యూటరు మొత్తానికి పాకే అవకాశం తగ్గుతుంది. 2007లో సాధారణ వినియోగదారులకు అందిన విస్టా నుండి, ముఖ్యమైన మార్పులకు ముందు విండోస్ అనుమతి అడుగుతుంది. ఏ కార్యక్రమం అడుగుతున్నదో చదవకుండా ఎస్ అని నొక్కరాదు.

ఫైలు పేరు చివర దాని రకాన్ని తెలిపే అక్షరాలను విండోస్ సాధారణంగా దాచి ఉంచుతుంది. 2000 మే నెలలో ప్రపంచమంతటా వ్యాపించిన ఐ లవ్ యూ వైరస్ ఈ దాపరికాన్నే ఆసరా చేసుకొన్నది. ప్రేమలేఖ పేరుతో మెయిలులో వచ్చిన ఆ ఫైలు మామూలు పాఠ్యపు ఫైలులా కనిపించేది, కానీ నిజానికి అది ఒక కార్యక్రమం. విండోస్ 11లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ వ్యూ మెనూలోని షో విభాగంలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్‌ను ఎంచుకొంటే ఈ అక్షరాలు కనిపిస్తాయి.

స్క్రీన్ సేవర్ మొదట పాత గాజుగొట్టపు తెరలపై ఒకే బొమ్మ చాలాసేపు నిలిచి మచ్చ పడకుండా ఉండేందుకు పుట్టింది. నేడు కుర్చీ నుండి లేచి వెళ్ళినప్పుడు కంప్యూటరుకు తాళం వేయడానికి ఎక్కువగా ఉపయోగపడుతున్నది. విండోస్ మీటను, ఎల్ మీటను కలిపి నొక్కితే వెంటనే తాళం పడుతుంది.

మార్పులను వెనుకకు తీసుకొనడం

ఏదైనా నొక్కితే కంప్యూటరు చెడిపోతుందేమోనన్న భయం కొత్తవారిని అమరికల దరికి రానీయదు. రూపానికి సంబంధించిన మార్పులన్నిటినీ తిరిగి మార్చవచ్చు. రిజల్యూషన్ మార్చినప్పుడు కొత్త అమరికను ఉంచాలా అని విండోస్ అడుగుతుంది. 15 సెకన్లలో సమాధానం రాకపోతే పాత స్థితికి తానే తిరిగి వస్తుంది. కాబట్టి తెర నల్లబడితే ఏమీ నొక్కక వేచి ఉండాలి.

2000లో విండోస్ ఎంఈతో వచ్చిన సిస్టమ్ రీస్టోర్ వ్యవస్థను మునుపటి ఒక తేదీనాటి స్థితికి తీసుకువెళుతుంది. వాడుకరి వ్రాసుకొన్న పత్రాలను, ఫొటోలను ఇది మార్చదు. అలాగే తొలగించిన పత్రాలను తిరిగి తేలేదు. కొన్ని కంప్యూటర్లలో ఇది ఆగి ఉంటుంది కనుక ముందుగా చూసుకొనాలి.

కొత్తవారు పాటించదగిన నియమాలు:

ఒకసారి ఒక్క అమరికను మాత్రమే మార్చి ఫలితం చూడాలి.

మార్చడానికి ముందున్న విలువను కాగితంపై వ్రాసుకొనాలి.

అర్థం తెలియని అమరికను, ముఖ్యంగా రిజిస్ట్రీని ముట్టుకొనరాదు.

కంప్యూటరు వేగం పెంచుతామని ప్రకటనలలో వచ్చే కార్యక్రమాలను స్థాపించరాదు.

ముఖ్యమైన పత్రాల నకలును వేరొక చోట భద్రపరచాలి.

ఇతర ఆపరేటింగ్ సిస్టమ్‌లు

ఆపిల్ మాక్ కంప్యూటర్లలో అమరికల కేంద్రాన్ని సిస్టమ్ ప్రిఫరెన్సెస్ అనేవారు. 2022లో విడుదలైన వెంచురా నుండి దాని పేరు సిస్టమ్ సెట్టింగ్స్‌గా మారింది. లినక్స్‌లో గ్నోమ్, కేడీఈ మొదలైన వేర్వేరు డెస్క్‌టాప్‌ల నుండి వాడుకరి తనకు నచ్చినదానిని ఎంచుకొనవచ్చు. పేర్లు, చోట్లు వేరైనా పైన చెప్పిన ముఖ్యాంశాలు అన్నిటికీ వర్తిస్తాయి.

ఇవి కూడా చూడండి

ఆపరేటింగ్ సిస్టమ్
మైక్రోసాఫ్ట్ విండోస్
యూనికోడ్
ఇన్‌స్క్రిప్ట్
లినక్స్