దారి చెట్టుకు దిక్కెవరు? రాయలసీమలో రక్షణ కట్టుబాట్ల కథ

కడప నుంచి తిరుపతి వైపు పాతిక కిలోమీటర్లు వస్తే ఒంటిమిట్ట. అక్కడి కోదండరామాలయ ప్రాకారంలో ఒక్క రాయి కదిలించాలన్నా కేంద్ర పురావస్తు శాఖ ఒప్పుకోవాలి. అదే ఊరి దారి పక్కన ఉన్న ముసలి చింతచెట్టుకు అంచనా, అనుమతి, వేలం అనే మూడు కాగితాలు నడిస్తే చాలు, నూరేళ్ల నీడ లారీకెక్కిపోతుంది. ఒకే దారి మీది రాయికి అంత కాపు, చెట్టుకు ఇంత అలుసు. ఈ తేడా ఒక్కనాటిది కాదు.

కథ మన సీమలోనే మొదలవుతుంది. కర్నూలు జిల్లాలో గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఎర్రగుడి గుట్ట మీద అశోకుడి శాసనాలున్నాయి. క్రీస్తు పూర్వం మూడో శతాబ్దం నాటివి. మనుషుల కోసం, పశువుల కోసం దారుల వెంట బావులు తవ్వించి చెట్లు నాటించినట్టు ఆయన రెండో శాసనం చెబుతుంది. నాటించిన సంగతి చెప్పిందే తప్ప, నరికితే ఏమవుతుందో అది చెప్పలేదు. ఆ తర్వాతి కాలంలో ఆ లోటును పాపపుణ్యాలు పూడ్చాయి. చెరువు, గుడి, వనం మనిషి పేరు నిలిపే ఏడింటిలో, అంటే సప్తసంతానాల్లో చేరాయి. దానమిచ్చిన తోటను చెరిపినవాడికి గంగ ఒడ్డున గోవును చంపిన పాపం తగులుతుందని శాసనాల చివర చెక్కించేవారు. దానపత్రంలోకి ఎక్కిన చెట్టుకు ఆ శాపం కాపలా కాసింది. దారిన పోయేవాళ్లందరిదీ అయిన చెట్టుకు అదీ లేదు.

ఒంటిమిట్ట దారి పాతది. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ 1652లో గండికోటకు వెళుతూ ఇక్కడి గుడిని చూసి మెచ్చుకున్నాడు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశీయాత్రకు బయలుదేరి తిరుపతి మీదుగా కడపకు వచ్చాడు. ఎండ నెత్తికెక్కే ఈ సీమలో బోయీలకూ బండి ఎద్దులకూ చెట్టు నీడే మజిలీ.

1800లో నిజాం ఈ సీమ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. ఏడేళ్లపాటు ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో ఆ తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ప్రభుత్వం అక్కడ ఆయన పేరిట ఒక తోపు వేయించి, రాతి మెట్ల బావి కట్టించింది. అశోకుడి శాసనమున్న దారి చివరే మళ్లీ చెట్లు, మళ్లీ బావి.

అయితే చెట్టును నిజంగా కాపాడింది స్మారకాలు కాదు, ఫలసాయం. మద్రాసు రెవెన్యూ స్టాండింగ్ ఆర్డర్ల కింద ప్రభుత్వ పోరంబోకులో చెట్టు మీద రైతుకు టూ-సీ పట్టా ఇచ్చేవారు. నేల సర్కారుది, కాయ రైతుది. కొమ్మ మీద గొడ్డలి వేసే హక్కు మాత్రం లేదు. 1884 స్థానిక బోర్డుల చట్టంతో రోడ్ల పక్క చెట్లు తాలూకా, జిల్లా బోర్డుల బాధ్యత అయ్యాయి. చింతకాయ పండే వేళకు బోర్డు వేలం వేసేది. పాట పాడుకున్నవాడు కాయ దులిపేదాకా రాత్రీ పగలూ చెట్ల కిందే కాపలా పడుకునేవాడు. పచ్చికొమ్మ విరిస్తే నష్టం తనదే కాబట్టి మేకల కాపరిని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. బోర్డుకు రాబడి, పాటగాడికి లాభం, బాటసారికి నీడ. మూడూ ఒక్క చెట్టు మీద కుదిరాయి గనుకే ఆ కట్టుబాటు నిలిచింది.

అడవి సంగతి వేరు. 1860లలో కడప మీదుగా రైలు పడ్డాక కట్టెల గిరాకీ పెరిగింది. 1882 మద్రాసు అటవీ చట్టం రిజర్వు హద్దులు గీసింది. పాలకొండల మీద ఎర్రచందనం ఆ హద్దు లోపల పడింది, దారి చింత బయట మిగిలింది.

రాయికీ ఇలాంటి విభజనే జరిగింది. 1904 పురాతన కట్టడాల చట్టం గుళ్లకూ కోటలకూ రక్షణ తెచ్చింది. కట్టడాల రక్షణకే వచ్చిన 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ నూరు మీటర్లలో కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన మరో రెండు వందల మీటర్ల దాకా అనుమతి తప్పనిసరి. 1923 సర్వే చట్టం పొలం హద్దురాళ్లు చెదరకుండా చూసే పూచీ రైతు మీద పెట్టింది. గుడి రాయి చరిత్రకు, హద్దురాయి శిస్తుకు పనికొచ్చాయి. చేను చుట్టూ మట్టి లేకుండా పేర్చిన రాతిగోడ, వరసగా నిలబెట్టి పాతిన కడప బండల కంచె ఎవరి లెక్కలోకీ రాలేదు. ఆ గోడ సందుల్లో తొండలూ ఉడుములూ బతుకుతాయి, వానకు కొట్టుకుపోయే మట్టి దాని మొదట్లో ఆగుతుంది. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు అది వట్టి రాళ్లకుప్ప.

స్వాతంత్ర్యం తర్వాత చట్టాలు పెరిగాయి, కాపలా తగ్గింది. 1959లో జిల్లా బోర్డుల స్థానంలో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాయి. పెద్ద దారులు రాష్ట్ర రోడ్ల శాఖకు, కొన్ని జాతీయ రహదారులకు చేరాయి. ఒంటిమిట్ట దారి ఇప్పుడు 716వ నంబరు జాతీయ రహదారి. చెట్టుకు సొంతదారు ఊరికి దూరమైపోయాడు. 2002 నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) అనుమతి లేకుండా చెట్టు నరకొద్దంది, నరికితే మళ్లీ నాటమంది. 2015 హరిత రహదారుల విధానం ప్రాజెక్టు ఖర్చులో ఒక శాతం మొక్కలకు కేటాయించమంది. మంచివే. కానీ ఈ రెండూ నరికిన తర్వాత ఏం చేయాలో చెప్పినంత గట్టిగా, నరకకుండా రోడ్డును ఎలా మలచాలో చెప్పవు. నూరేళ్ల చింతకు బదులు డివైడర్లో గన్నేరు మొక్క లెక్క సరిచేస్తుంది, నీడను తిరిగి ఇవ్వదు.

జనం అడ్డుపడితే లెక్క మారుతుందని తెలంగాణలో చేవెళ్ల చూపించింది. హైదరాబాదు–బీజాపూర్ దారిలో దాదాపు 900 మర్రిచెట్ల కోసం ప్రకృతి ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. దాంతో విస్తరణ ఆగి, చెట్లను తప్పించే మార్గాలు చర్చకు వచ్చాయి. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 1973 నుంచి దీనికి ఒక చట్టమే ఉంది. సుందరమైనదని ఊరు ప్రకటించుకున్న దారిలో రోడ్డు పని కోసం చెట్టు కొట్టాలన్నా, రాతిగోడ తీయాలన్నా ముందు బహిరంగ విచారణ జరగాలి, స్థానిక ప్రణాళికా మండలి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. చెట్టునూ గోడనూ కలిపి చూడటం, ఊరి మాట ముందు వినడం, ఇవే ఆ చట్టంలో అసలు సంగతులు.

ఆ రెండూ మనకు అసాధ్యం కావు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థ జీవవైవిధ్య కమిటీ వేసి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయించాలి. ఒంటిమిట్ట మొదలు ప్రతి పంచాయతీ తన దారి చెట్లను ఒక్కొక్కటిగా, పాత రాతిగోడలను వాటి పక్కనే ఆ పుస్తకంలో చేర్చి, గ్రామసభ తీర్మానం చేయాలి. ఫలసాయంలో ఊరికి వాటా మళ్లీ ఇప్పించమని అడగాలి. రోడ్డు కొలతల వాళ్లు వచ్చి మానుకు నంబరు వేశాక అడ్డుపడితే ఆలస్యమే. ఆ నంబరు ముందు మన రిజిస్టరులో పడాలి.