ఇంటిలోని మంగళభాషణము

దీపము ఆరినదని మా యింట నెవ్వరును అనరాదు, కొండెక్కిన దనవలెను. గాజు పగులదు, పెరుగును. మంగళసూత్రము తెగదు, అదియును పెరుగును. ఊరికి బయలుదేరువాడు గడప దాటుచు 'పోయి వచ్చెద' ననవలెనే గాని 'పోయెద' నని ఊరకుండరాదు. రాత్రివేళ పామను మాట నోట రానీక మా అమ్మ 'పురుగు' అనెడిది. శ్రోతలారా, ఇవి మీ యిండ్లలోను వినబడు మాటలే. వీని యర్థము మీకు నేను చెప్పనక్కరలేదు. వీని వెనుకనున్న బ్రదుకును గూర్చి రెండు మాటలు చెప్పెదను.

ఆలంకారికులు అశ్లీలమను కావ్యదోషమును మూడు తెఱగులుగా చెప్పిరి: సిగ్గు పుట్టించునది, ఏవగింపు పుట్టించునది, అమంగళమును స్ఫురింపజేయునది. మా అమ్మ ఆ శాస్త్రము పేరైన నెఱుగదు. అయినను ఆమె వంటయింట మూడవ దోషము ఒక్కనాడును దొరలలేదు.

ఇట్టి మాటలలో నాకు మఱపురానిది 'నిండుకొన్నవి' అనునది. నాకు ఐదారేండ్లప్పుడు ఒక మధ్యాహ్నము పొరుగు వీధిలోని వృద్ధబంధువు వచ్చి మా యరుగుపై కూర్చుండెను. లోపల అమ్మ నాన్నగారితో మెల్లగా 'బియ్యము నిండుకొన్నవి' అనెను. నేనది విని పొంగిపోయి, అరుగుమీదికి పరుగెత్తి, 'తాతగారూ, మా యింటినిండ బియ్యమే! ఇక్కడనే భోజనము చేయండి' అంటిని. ఆయన నా మొగము చూచి, 'అమ్మ ఏమన్నదిరా?' అని యడిగి, ఆ మాట ఉన్నదున్నట్లు చెప్పించుకొని, మునసబుగారితో పనియున్నదని కఱ్ఱ తీసికొని లేచెను. సాయంకాలము ఆయన పాలేరు కుంచెడు బియ్యము తెచ్చి, మాటలేక లోపల పెట్టిపోయెను. అమ్మ నన్ను కొట్టలేదు, తిట్టను లేదు. ఆ రాత్రి ఎవ్వరితోను మాటలాడలేదు. ఎందుకో నాకు తెలియుటకు పదేండ్లు పట్టినది.

ఊరంతయు పడిన బాధకు మాత్రము మనవారు ఈ తెర వేయలేదు. 1832-33లో గుంటూరు సీమను పాడుచేసిన క్షామము నందన సంవత్సరమున వచ్చినది. నందన మనగా ఆనందము గలిగించునది! అంత మంగళమైన పేరు చేతికందియున్నను, జనులు దానిని డొక్కల కరవనియు పిలిచిరి. ఆ సీమలో దరిదాపు మూడవవంతు జనము నశించినట్లు చెప్పుదురు. ఒక గాదె వట్టిదైనప్పుడు పొరుగువానికి తెలియకుండ మాట చాటున దాచవచ్చును. అందఱి గాదెలును వట్టివైనప్పుడు ఎవరికి దాచవలెను?

మశూచిని 'అమ్మవారు' అనుటలో మర్యాదకంటె భయమే హెచ్చు. 1980లో ప్రపంచ ఆరోగ్య సభ ఆ రోగము లోకమునుండి తొలగినదని ప్రకటించెను. 'అమ్మవారు పోయినది' అని మా యూర నెవ్వరైన ననగా నేను వినలేదు.

మంచిమాటలును వాడుకలో అరుగును. హరికథ ముగియగా మంగళము పాడుదురు గదా. ఆ సంబంధముచేతనే, ఒకడు వ్యాపారమునకు మంగళము పాడినాడనగా అది ముగిసినదని యర్థమైనది. 'నిండుకొన్నవి' అన్నను నేడు నిండుదనము తోచువా రెవ్వరు?

మొన్న నా మనుమరాలు డబ్బా తెఱచి చూచి, 'బియ్యం అయిపోయాయి!' అని వీధి వినునట్లు కేకవేసినది. దిద్దుదమని నోరు తెఱచితిని. ఆ గొంతులో జంకు రవంతయు లేదు. దుకాణము నాలుగడుగుల దూరముననే యున్నది. దిద్దక, సంచి తీసికొని, 'పోయి వచ్చెద' నని గడప దాటితిని.