'వనవాసి' అడవి ఏది?

ఘాట్‌శిలలో బెంగాలీ రచయిత విభూతిభూషణ్ బందోపాధ్యాయ ఇల్లు 'గౌరీకుంజ్' చూసొచ్చినవాళ్లు ఆయన 'ఆరణ్యక్' (తెలుగులో 'వనవాసి') నవలను కూడా ఆ ఊరి అడవి ఖాతాలోనే వేసేస్తుంటారు. గమ్హరియా, జంషెడ్‌పూర్‌ల నుంచి పొద్దున వెళ్తే సాయంత్రానికి తిరిగి రాగల ఊరది. ఈ ప్రాంతాభిమానం సహజమే, కాలం లెక్కే కుదరదు.

  

విభూతిభూషణ్ 1920లలో భాగల్‌పూర్ వైపు ఒక జమీందారీ ఎస్టేటులో ఉద్యోగం చేశారు. ఆ అడవి బతుకు మీద ఏదైనా రాయాలన్న కోరిక 1928 నాటి ఆయన దినచర్యలోనే కనిపిస్తుంది. నవల 'ప్రవాసి' పత్రికలో వచ్చింది 1937-39లో. అప్పటికి ఘాట్‌శిల ఉన్న సింగ్‌భూమ్ గాలి ఆయనకు సోకింది కనుక కొన్ని రంగులు ఇక్కడివీ కావచ్చు. వేళ్లు మాత్రం భాగల్‌పూర్‌వే. పైగా అందులో కథానాయకుడు సత్యచరణ్ తిరిగేది ఎక్కువగా గుర్రం మీద. అతని కొలువే అడవిని రైతులకు పట్టాలిచ్చి సాగులోకి తేవడం. సూరంపూడి సీతారాం దాన్ని 'వనవాసి'గా తెలుగు చేస్తే మనవాళ్లు వెన్నెలనే చదువుకున్నారు. ఆ వెన్నెలను తన చేత్తోనే చెరిపేస్తున్నవాడి అపరాధ భావం పుస్తకం పొడుగునా ఉంది.

సింగ్‌భూమ్‌కు దక్కాల్సిన వాటా వేరే ఉంది. 'వనే పాహాడే', 'హే అరణ్య కథా కవో' అనే దినచర్యల్లో కథ లేదు, నాయకుడు లేడు. సారండా సాల వనం, కొండవాగు, ఆ పూట చూసిన చెట్టు ఉన్నాయి. అన్నీ కాలినడకలే అనను. కానీ తొందర లేని చూపు మాత్రం నడిచేవాడిదే. 1950లో ఘాట్‌శిలలోనే కన్నుమూసిన ఈ మనిషిని ఒక్క నవలకు కుదించడం అన్యాయం.

మన భాషలో యాత్రారచన అనగానే ఏనుగుల వీరాస్వామయ్య పేరు చెప్పి, 1830-31 నాటి కాశీయాత్రతో మొదలుపెడతాం. ఆయనది పల్లకీ ప్రయాణం. నడిచింది బోయీలు, వాళ్లు దినచర్య రాయలేదు. తెలుగులో కాలినడకకు గౌరవం తెచ్చినవారు మాచవరపు ఆదినారాయణ. ఆయన 'భ్రమణకాంక్ష'లో దారినపోయే మనుషులు బాగా పలుకుతారు. తర్వాత వచ్చిన యాత్రా పుస్తకాలు చాలావాటిలో కిలోమీటర్లు, ఫొటోలు పెరిగాయి, చెట్లకు పేర్లు పోయాయి. ఆ లోటు తీర్చగలవాళ్లు లేకపోలేదు. ఉక్కు కొలువుల కోసం వచ్చి జంషెడ్‌పూర్‌లో తరాలుగా స్థిరపడ్డ తెలుగు కుటుంబాలున్నాయి. దళ్మా కొండను, ఖర్‌కయీ నది ఒడ్డును నడిచి తెలుసుకుని రాయగలవారు వారిలో ఉండే ఉంటారు. మన సంపాదకులు వాళ్లను అడగాలిగా!