పాత ఐషర్ ఇంజను

1945లో బాపట్ల వ్యవసాయ కళాశాల వెలసేనాటికి మన డెల్టాలో దమ్ము పని ఎడ్లదీ, దున్నపోతులదీ. 1959లో జర్మన్ సహకారంతో ఫరీదాబాదులో ఐషర్ ట్రాక్టరు తయారైంది. దాని ఇంజనుకు రేడియేటరు లేదు, గాలే చల్లార్చాలి. తెనాలి, రేపల్లె నల్లమట్టిలో దమ్ము చేస్తే చిందిన బురద సిలిండరు రెక్కల మధ్య ఎండుతుంది. గాలి ఆడక ఇంజను కాగి పట్టేస్తుంది.

అలాంటి పాతబండి మీ కొట్టంలో ఉంటే పాత ఇనుముకు అమ్మకండి, తొందరపడి విప్పించనూవద్దు. నల్లపొగ వస్తే ముందు ఎయిర్ క్లీనరు, తర్వాత ఇంజెక్టరు చూడండి. నీలిపొగ అయితే నూనె మండుతున్నది. నూనె పోసే మూత తీసినప్పుడు గాలి బుసకొడితే రింగులు అరిగినట్టే. అప్పుడు విప్పి, సిలిండరు కొలిపించండి. గుండ్రం తప్పితే వట్టి రింగులు మార్చి లాభంలేదు. బోరు చేయించి ఓవర్‌సైజు పిస్టను వేయించవలె. కొత్త రింగులు కుదురుకునేదాకా బండిని దమ్ములోకి దించకండి.