జగన్నాథ యాత్రకు ఏ ఋతువు మేలు?

మన కళింగపట్నమునుండి కాలినడకను పూరీ జగన్నాథమునకు పోదలచినవానికి మొట్టమొదటి పని వంశధారను దాటుట. ఊరు నదికి దక్షిణపు టొడ్డున నున్నది. జగన్నాథము ఉత్తరమున నున్నది. ఇల్లు వెడలిన కొంతసేపటికే నది అడ్డుపడును. కొంచెము ఎగువకు పోయినచో మోకాలిలోతు నీటితో ఇసుకతిన్నెల నడుమ పాయలుగా ప్రవహించు మాసములు దానికి కలవు. ఒడ్డున నిలిచి చూచుటకే గుండె జల్లుమను మాసములును కలవు. వంతెనలు లేని కాలమున యాత్రకు ఎప్పుడు బయలుదేరవలెనను ప్రశ్న పంచాంగమును చూచినంత మాత్రమున తేలునది కాదు. నది స్థితిని, ఆకాశపు స్థితిని, ఇంటి ధాన్యపుగాదె స్థితిని కూడ చూచుకొనవలసి యుండెను. ఆ విచారమే ఈ వ్యాసమునకు విషయము.

జగన్నాథమునకును మన సీమకును గల సంబంధము నిన్న మొన్నటిది కాదు. వంశధారా తీరమందలి ముఖలింగమే పూర్వపు కళింగనగరమని చరిత్రకారులు నిర్ణయించినారు. అచ్చట రాజ్యమునకు వచ్చిన అనంతవర్మ చోడగంగదేవుడు (1078–1147) ఉత్కళమును జయించి, రాజధానిని కటకమునకు మార్చినాడు. నేటి పూరీ ఆలయ నిర్మాణము ఆయన కాలమున ఆరంభమైనది. కావున ముఖలింగము, శ్రీకూర్మము, సింహాచలము, పురుషోత్తమము అను క్షేత్రములు ఒకే రాజ్యపు బాటపై నున్న మజిలీలు. రామానుజాచార్యులవారు పూరిలో నిద్రించుచుండగా జగన్నాథస్వామి ఆయనను రాత్రికి రాత్రే శ్రీకూర్మమునకు చేర్చెనని ఐతిహ్యము కలదు. అట్టి సౌకర్యము తక్కిన యాత్రికులకు లభింపలేదు. వారికి ఆ దూరమంతయు పాదములతోనే కొలువవలసి వచ్చెను.

దూరము సుమారు 300 కిలోమీటర్లు. దినమునకు ఆరు క్రోసులు నడచువానికి పదునైదు పదునారు దినముల పయనము. వంశధార వెనుక బారువవద్ద సముద్రమున గలియు మహేంద్రతనయ, ఇచ్ఛాపురమువద్ద బాహుద, గంజాము పట్టణమువద్ద ఋషికుల్య దాటవలెను. ఆపైన చిల్కసరస్సు వచ్చును. దానికి పడమరగా రంభ, ఖుర్దా మీదుగ చుట్టి పోవు బాట యొకటి. సరస్సునకును సముద్రమునకును నడుమ ఇసుకపట్టీ వెంబడి పోయి మాణికపట్నమువద్ద పడవలో దాటు బాట వేరొకటి. శ్రీకాకుళమునుండి వచ్చువారికి వీనికి తోడు నాగావళి కూడ కలదు. ఇవన్నియు తూర్పుకనుమలలో పుట్టి కొద్ది దూరములోనే కడలి చేరు నదులు. గోదావరివలె మెల్లమెల్లగా పొంగునవి కావు. కొండలలో రాత్రి వాన కురిసిన తెల్లవారునప్పటికి ఒడ్డులు మునుగును. రెండు మూడు దినములలో తీయును. మరల వాన పడిన మరల పొంగును. ఒడ్డున చిక్కిన యాత్రికుడు నీరు తీయువరకు మూటలోని అటుకులు, బియ్యము తినుచు కూర్చుండవలెను. అట్టి నిరీక్షణము రెండు నదులవద్ద తటస్థించిన మూట ఖాళీ యగును.

ఇట్టి దారికి వానకాలము తగదని చెప్పుటకు పండితుడు అక్కరలేదు. కాని చిక్కు ఎచ్చట నున్నదనగా, జగన్నాథస్వామి మహోత్సవము సరిగా ఆ కాలముననే వచ్చును. రథయాత్ర ఆషాఢ శుద్ధ విదియనాడు. చాంద్రమానమున అధికమాసములు వచ్చుచుండుటచే ఈ విదియ ఒక సంవత్సరము జూను మూడవ వారమున, మరియొక సంవత్సరము జూలై మధ్యను దాటి వచ్చును. 2023లో జూను 20న వచ్చినది. 2015లో జూలై 18న వచ్చినది. 2015 ఆషాఢము అధికమాసముగా వచ్చిన సంవత్సరము. స్వామికి నూతన దారుమూర్తులను ప్రతిష్ఠించు నవకళేబరము అట్టి సంవత్సరముననే జరుగును. జనులు మిక్కిలిగా పోవు సంవత్సరము కూడ అదే. ఈ నాలుగు వారముల తేడా పట్టణవాసికి స్వల్పముగా తోచును. నడచువానికి అది ప్రాణాధారమైన తేడా. పండుగ ముందుగా వచ్చిన యేట పోవునప్పుడు రోహిణికార్తె ఎండ తగులును, తిరిగి వచ్చునప్పుడు తొలకరి వాన తగులును. ఆలస్యముగా వచ్చిన యేట పోవుటయు వానలోనే, వచ్చుటయు వానలోనే.

ముందుగా పోయి అచ్చట వేచియుందమనుకొన్న మరియొక అడ్డు కలదు. జ్యేష్ఠ పూర్ణిమనాడు స్వామికి స్నానయాత్ర. ఆ స్నానముచే స్వామికి జ్వరము తగిలెనని పక్షము దినములు దర్శనము నిలుపుదురు, దీనినే అనసరమందురు. ఆ దినములలో చేరినవాడు మూసిన తలుపులను చూచుచు, పూటకూటికి వెచ్చించుచు, కిక్కిరిసిన బసలో పడియుండవలెను. ఆ జ్యేష్ఠ పూర్ణిమయే మనకు ఏరువాక పున్నమి. అచ్చట స్వామి స్నానమాడునాడు ఇచ్చట రైతు అరక కట్టును. భూమి దున్నువానికి రథయాత్ర అందని పండుగ యైనది ఇందువలననే. అందుచేత ఆ బాట పట్టినవారిలో వృద్ధులు, ముఖ్యముగా స్త్రీలు హెచ్చుగా నుండిరి. పందొమ్మిదవ శతాబ్దమున ఒరిస్సాను గూర్చి పెద్ద గ్రంథము వ్రాసిన హంటరు దొర యాత్రికులలో అత్యధికులు స్త్రీలేయని చెప్పినాడు. నదిని దాటుటకు, పస్తులకు ఓర్చుటకు శక్తి తక్కువగల వారే కఠినమైన ఋతువున నడచిరన్నమాట.

1872లో వెలువడిన ఆ గ్రంథమున హంటరు ఈ యాత్రలో మరణించువారిని గూర్చి వ్రాసిన భాగము చదువుట కష్టము. ఏటేట పదివేలమందికి తక్కువ కాకుండ దారిలోను, పూరిలోను ప్రాణములు విడుచుచుండిరని ఆయన అంచనా. పోవునప్పటికంటె వచ్చునప్పుడే చావులు ఎక్కువ. దీనికి కారణము ఊహించుట సులభము. చేతి డబ్బు క్షేత్రమున వ్యయమైనది, దేహము అలసినది, నదులు నిండినవి, తడిసిన బట్ట ఆరదు. ఒడ్డున వేలకొలది జనులు ఒకేచోట నిలువబడి, వాన కడిగి తెచ్చిన మాలిన్యముతోడి నీరే త్రాగవలసివచ్చెను. విషూచి, అనగా కలరా, వ్యాపించుటకు ఇంతకంటె అనుకూలమైన ఏర్పాటు ఎవరును చేయజాలరు. 1866లో కాన్‌స్టాంటినోపిల్ నగరమున సమావేశమైన అంతర్జాతీయ ఆరోగ్య మహాసభ హిందూదేశపు యాత్రాస్థలముల జనసమ్మర్దము కలరా వ్యాప్తికి ప్రబలకారణమని నిర్ణయించినది. ఆ యేడే ఒరిస్సా, గంజాము సీమలను మహాక్షామము పీడించినది. రోగమునకు మూలమైన సూక్ష్మజీవిని కాక్ పండితుడు కలకత్తాలో పరీక్షించి నిర్ధారించినది 1884లో. అంతవరకు గాలి చెడినదనియు, అమ్మవారు ఆగ్రహించినదనియు జనులు అనుకొనుచుండిరి.

వానకాలమున నడువరాదని మన పూర్వులు ఎరుగకపోలేదు. మన ఊరికి చేరువనున్న శాలిహుండము కొండపై బౌద్ధస్తూపములు, విహారములు కలవు. అచ్చటి భిక్షువులు పాటింపవలసిన నియమము ప్రకారము ఆషాఢ పూర్ణిమ మొదలు మూడు మాసములు సంచారము మాని ఒకచో నిలువవలెను. వైదిక సన్న్యాసులకు ఆషాఢ శుద్ధ ఏకాదశి మొదలు చాతుర్మాస్యము విధింపబడినది. జీవహింస కలుగకుండుటకని శాస్త్రకారణము చెప్పుదురు. దారి, నది, జ్వరము అను లౌకికకారణములు కూడ వారికి తెలిసియుండునని నా అభిప్రాయము.

చైతన్యమహాప్రభువు పయనము దీనికి మంచి దృష్టాంతము. ఆయన 1510వ సంవత్సరమున, వైశాఖమాసారంభమున పూరినుండి దక్షిణయాత్రకు వెడలినాడు. అలాలనాథముమీదుగ శ్రీకూర్మము, సింహాచలము దర్శించి, గోదావరీతీరమున రామానందరాయని కలిసికొన్నాడు. ఆ నడక నడివేసవిలో సాగినది. కాని వర్షర్తువు రాగా శ్రీరంగమున వేంకటభట్టు ఇంట నాలుగు మాసములు నిలిచిపోయినాడు. ఎండను ఆయన లెక్కసేయలేదు, వానను లెక్కచేసినాడు. ఇందులో తెలివి కలదు. ఎండను తప్పించుకొనుటకు నాలుగవ జాముననే బయలుదేరవచ్చును, పగలు మామిడితోపులో పరుండవచ్చును. నిండిన నదికి అట్టి ఉపాయము లేదు. వడదెబ్బను తక్కువ చేసి చెప్పుచున్నానని ఎవరును భావింపకుందురు గాక, అదియు చంపును. కాని దానినుండి తప్పించుకొనుటకు నడచువాని చేతిలో కొంత అధికారము కలదు.

మదరాసు సుప్రీముకోర్టులో దుభాషిగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న కాశికి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరిరి. తిరుగుదారిలో జగన్నాథమునుండి మన సీమమీదుగ వచ్చిరి. ఆయన కాశీయాత్రచరిత్ర మన భాషలో మిక్కిలి విలువగల యాత్రాగ్రంథము. గ్రంథాలయమునకు వచ్చు ప్రతివారు ఒకమారు చదువదగినది. ఆయనకు బోయీలు, పరిజనము, ధనము ఉండెను. అట్టివాడు సైతము ఏ మజిలీలో నీరు కలదు, ఎచ్చట సత్రము కలదు, ఎచ్చట దినుసులు దొరకునని జాగ్రత్తగా వ్రాసికొన్నాడనిన, మూట నెత్తిన బెట్టుకొన్న ముసలమ్మ స్థితి ఎట్టిదో చెప్పనక్కరలేదు.

వంతెనలు వచ్చినంతనే నదులు లొంగిపోలేదు. 1876 వరదలో శ్రీకాకుళపు నాగావళి వంతెన కమానులు కొన్ని కొట్టుకొనిపోయినవి. 1980 సెప్టెంబరు వంశధార వరదను కన్నులార చూచినవారు మన గ్రామములలో నేటికిని కలరు. 1893–96 సంవత్సరముల నడుమ తూర్పుతీరపు రైలుమార్గము పడినది. 1897 ఫిబ్రవరి 1న ఖుర్దారోడ్డునుండి పూరికి శాఖ తెరువబడినది. పక్షము దినముల నడక ఒక రాత్రి ప్రయాణమైనది. దూరము తగ్గెనుగాని ఆషాఢము ఆషాఢముగానే నిలిచినది. పూరిలో వాన, జనసమ్మర్దము, బావినీటి కాలుష్యము అట్లేయుండెను. రోగము సైతము రైలెక్కి వేగముగా ఊళ్లు చేరెను. టీకాలు, గొట్టపునీరు వచ్చిన పిమ్మటనే ఆ భయము వెనుకపట్టినది. 2020 జూను 23న కరోనా వ్యాధి కారణమున భక్తజనము లేకయే రథములు లాగినప్పుడు, పండుగకును అంటురోగమునకును గల పాత వైరము మనవారికి మరల జ్ఞప్తికి వచ్చియుండును.

రథయాత్రను రైలుమీద చూతుము గాక. కాలినడకనే పోవ నిశ్చయించినవానికి ఏ మాసము మేలు? కార్తికమని కొందరందురు. నదులు తగ్గుముఖము పట్టును, రాత్రులు చల్లబడును, కార్తికవ్రతమునకు పూరి ప్రసిద్ధము. ఇది కొట్టివేయదగిన మాట కాదు. కాని మన తీరమునకు తుపానుల కాలము అదియే. కార్తికమున చేరవలెననిన ఆశ్వయుజముననే బయలుదేరవలెను. 2013 అక్టోబరు 12న ఫైలిను గోపాలపురమువద్ద, 2014లో సరిగా అదే తేదీన హుద్‌హుద్ విశాఖపట్నమువద్ద, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాసయొద్ద తీరము దాటినవి. 2021 సెప్టెంబరు 26న గులాబు మన కళింగపట్నమునకు ఉత్తరముగా కొద్ది దూరముననే దాటెను. తిత్లీనాడు ఉద్దానపు కొబ్బరితోటలు ఎట్లు నేలకొరిగినవో అందరు ఎరుగుదురు. ఆ తోటల నడుమ బాటసారి యుండియుండిన ఏమగును? పైగా కార్తికమున పైరు చేనిలోనే యుండును; రైతు మనసు యాత్రపై నిలువదు.

నా నిర్ణయము ఫాల్గుణము. పూరిలో ఫాల్గుణ పూర్ణిమనాడు డోలోత్సవము జరుగును. రథయాత్రయంత పేరు దానికి లేదు. కాని స్వామి దర్శనమునకు లోటు లేదు. మాఘ బహుళమున ముఖలింగమున శివరాత్రి. శివరాత్రికిని ఫాల్గుణ పూర్ణిమకును నడుమ పదునారు తిథులు. వంశధారనుండి జగన్నాథమునకు నడకయు ఇంచుమించు అన్నియే దినములు. ఈ రెండును ఇట్లు కుదురుట కాకతాళీయమే కావచ్చును, యాత్రికునికి మాత్రము మహోపకారము. ధాన్యము గాదె చేరియుండును. పెసలు, మినుములు ఏరుకొనవలసిన ఇండ్లకు కొంత ఇబ్బంది కలదు. వారు ఇంటికొకరిని పంపవచ్చును. బావులలో నీరు ఇంకను అడుగంటదు, నదులలో ఇసుక తేలియుండును, తుపాను భయము లేదు. శ్రీకూర్మమున కూడ ఆ పూర్ణిమకే డోలోత్సవము గనుక నడువలేని పెద్దలు ఇంటిపట్టుననుండి అచ్చటికి పోవచ్చును.

ముఖలింగమున శివరాత్రి ఉత్సవము ముగియగనే బయలుదేరినవాడు టెక్కలి, పలాస, సోంపేటల మీదుగ సప్తమినాటికి ఇచ్ఛాపురము, దశమినాటికి గంజాము చేరగలడు. ఇప్పుడు నదులన్నిటికిని వంతెనలు కలవు; జాతీయరహదారిపై భయమంతయు లారీలది. కావున చీకటి ఉండగా ఆ రహదారిపై నడువక, తీరపు ఊళ్ల బాటలు పట్టుట మంచిది. గంజాము దాటిన పిమ్మట పాలూరు, మాలుదు మీదుగ చిల్కకును సముద్రమునకును నడుమనుండు దారియే ఎన్నుకొనవలెను. పయనము శుక్లపక్షమున సాగును గనుక నానాటికి వెన్నెల పెరుగును. ఇసుకదారికి వచ్చునప్పటికి ఏకాదశి దాటియుండును. పగటి ఎండలో విశ్రమించి, సాయంకాలము వెన్నెలలో రెండు మూడు క్రోసులు సుఖముగా నడువవచ్చును.